తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై మూడు బిళ్ళలు

మా అమ్మమ్మ నాలుగో తరగతితో బడి మానేసింది. నేను పదో తరగతి లెక్కల పరీక్ష మూడుసార్లు రాసి, అది నన్ను వదలదని తెలిశాక నేనే దాన్ని వదిలేశాను. ఇంత గొప్ప చదువులున్న ఇంట్లోంచి ఒక లెక్క బయటికి వెళ్ళి, ఒక ఇంజనీరు జుట్టు పీక్కునేలా చేసిందంటే ఎవరూ నమ్మరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అక్కడక్కడా అమ్మమ్మను ఆటపట్టిస్తాను. ఆవిడకు చదివి వినిపించేది ఎలాగూ నేనే కాబట్టి ఆ ముక్కలు దాటేస్తాను.

అమ్మమ్మ పందొమ్మిదో ఏట బిళ్ళల కార్ఖానాలో చేరింది. నేల మీద పరిచే సిమెంటు బిళ్ళలు, అరచేతి వెడల్పువి. ఇనుప అచ్చులో రంగు పోయాలి, పైన పొడి సిమెంటు చల్లాలి, ప్రెస్సు పిడిని రెండు చేతులా కిందికి లాగాలి, తడి బిళ్ళను అంచు చెదరకుండా ఎత్తి అరలో పెట్టాలి. ఎత్తేటప్పుడు వెనకవైపు బొటనవేలు దిగబడుతుంది. అందుకని ఆవిడ చేసిన ప్రతి బిళ్ళ వీపు మీదా ఆవిడ వేలిముద్ర ఉంటుంది. "సంతకం పెట్టమంటే పావుగంట పడుతుంది గానీ ఊరంతా వేలిముద్రలు వేసేసింది" అని తాతయ్య ఏడిపించేవాడట.

ఆ పనిలో ఆవిడకు అంటుకున్న జబ్బు లెక్కపెట్టడం. మెట్లెక్కితే లెక్క, బఠాణీలు ఒలిస్తే లెక్క. నేను అబద్ధాలాడితే అవి కూడా లెక్కే. "ఇది ఈ వారంలో నాలుగోది" అంటుంది, తల కూడా ఎత్తకుండా. మూడోది ఎప్పుడు పట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

నలభై ఎనిమిదేళ్ళ కిందట ఆవిడ పోస్టాఫీసు హాలుకు బిళ్ళలు చేసింది. తెల్లటి బిళ్ళ, దాని మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకు నీలం గీత. పక్కపక్కన పరిస్తే గీతలన్నీ కలిసి నేల మీద ఏటవాలుగా పరుగెడతాయి. పని పూర్తయ్యాక మూడు వందల పన్నెండు బిళ్ళలు మిగిలాయి. మిగిలినవాటిని పక్కనే తవ్విన పునాది గోతిలో కుమ్మరించి, పైన కాంక్రీటు పోశారు. ఆవిడ గోతి అంచున నిలబడి చూసింది. "మిగిలితే ఎవరైనా ఏం చేస్తారు?" అని నేనొకసారి అన్నందుకు ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మా అమ్మమ్మ ఒక పూట మాట్లాడకుండా ఉందంటే అది ఎంత పెద్ద దెబ్బో మా వీధివాళ్ళకు తెలుసు.

పోయినేడు ఆ పోస్టాఫీసును పడగొట్టడం మొదలుపెట్టారు. దాని ఎదుట ఉన్న కుట్టు దుకాణంలో నేను కాజాలు కుడతాను. అమ్మమ్మ నాకు మధ్యాహ్నం డబ్బా తెచ్చింది. అప్పుడే హాల్లోంచి టంగుమని గునపం చప్పుడు, దాని వెనకే టప్‌మని బిళ్ళ పగిలిన చప్పుడు. డబ్బా నా ఒళ్ళో పడేసి, రోడ్డు దాటి లోపలికి దూరింది.

"ఆ గునపం అవతల పారెయ్! అది బిళ్ళనుకున్నావా, బండరాయనుకున్నావా?"

తెల్ల టోపీ పెట్టుకున్న కుర్ర ఇంజనీరు వెనక్కి తిరిగాడు. "మీరెవరు పెద్దమ్మా?"

"వాటిని కన్నదాన్ని."

ఆ బిళ్ళలను ఊడదీసి, అవతలి వీధిలో ఖాళీగా ఉన్న పెద్ద గోదాములో పరచాలని, ఆ గోదామును గ్రంథాలయం చేస్తున్నారని ఇంజనీరు చెప్పాడు. గంటలో పదకొండు పగిలాయని కూడా చెప్పాడు, కాస్త సిగ్గుపడుతూ. అమ్మమ్మ తడి గోనెపట్టా అడిగింది, పలచటి తాపీ అడిగింది. పట్టా పరిచి కాసేపు నాననిచ్చి, అంచున తాపీ దూర్చి, వేలితో రెండుసార్లు తట్టింది. బిళ్ళ నిద్రలేచిన పిల్లలా ఒళ్ళు విరుచుకుని పైకి వచ్చింది. వెనక్కి తిప్పి ఇంజనీరుకు వేలిముద్ర చూపించింది.

"ఈ పని మీరే దగ్గరుండి చేయించాలి పెద్దమ్మా."

"చేయిస్తాను. కానీ ఒక్క మాట. బాగున్న బిళ్ళ ఒక్కటి కూడా మిగలకూడదు. అన్నీ కొత్త నేల మీదే ఉండాలి. ఒప్పుకుంటావా?"

"అదెంత పని! గోదాములో లోపలి గోడలు ఇంకా లేవలేదు. మీరు లెక్క చెప్పండి, ఆ లెక్కకు సరిపోయేలా గది నేను గీస్తాను. వరసకు ఇన్ని, ఇన్ని వరసలు అని. ఏ సంఖ్య అయినా దేనితోనో ఒకదానితో శేషం లేకుండా పోతుంది కదా!"

ఈ చివరి మాటే ఆయన కొంప ముంచింది.

ఊడదీయడానికి పందొమ్మిది రోజులు పట్టింది. అమ్మమ్మకు తోడుగా గుండు మేస్త్రి వచ్చాడు. కార్ఖానా రోజుల నుంచి ఆవిడ్ని అక్కా అనే మనిషి, నేల వాలు చూసే రసమట్టం లేకుండా అన్నం పళ్ళెం ముందు కూడా కూర్చోడు. ఒక్కో బిళ్ళనూ కడిగి, ఆరబెట్టి, గోదాములో పదేసి చొప్పున దొంతరలు పెట్టారు. ఆఖరి రోజు అమ్మమ్మ చేతులు దులుపుకుని ప్రకటించింది. తొమ్మిది వందల తొంభై ఏడు దొంతరలు, పైన మూడు. తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై మూడు.

ఇంజనీరు ఫోనులో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు కూడా.

"లెక్క తప్పు పెద్దమ్మా."

"ఏమిటి తప్పు?"

"రెండు తక్కువ చెప్పారు. తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై ఐదు అయ్యుండాలి. అప్పుడు తొంభై ఐదు వరసలు, వరసకు నూట ఐదు. హాలు ఎంత చక్కగా వస్తుందో చూడండి!"

"నీ హాలు చక్కగా రావడానికి నా లెక్క తప్పవ్వాలా?"

మర్నాడు ముగ్గురూ విడివిడిగా లెక్కపెట్టారు. ఇంజనీరుకు తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై మూడు వచ్చింది. ఒక దొంతరను రెండుసార్లు లెక్కేశాడని తేలింది. మేస్త్రికి డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. ఆ రెండూ ఏమయ్యాయని అరగంట వెతికాక, అమ్మమ్మ అతన్ని లేచి నిలబడమంది. రెండు బిళ్ళలు పేర్చుకుని వాటి మీదే కూర్చుని లెక్కపెట్టాడు మహానుభావుడు.

డెబ్బై మూడే. అయినా ఇంజనీరుకు నమ్మకం కుదరలేదు. తను కోరిన డెబ్బై ఐదుకు తగ్గిన రెండు బిళ్ళలూ పోస్టాఫీసు శిథిలాల్లో ఉండిపోయాయని మోకాళ్ళ మీద పాకుతూ వెతికాడు. ఎండిపోయిన స్టాంపు ప్యాడు ఒకటి దొరికింది. కొత్తగా రెండు చేయిద్దామంటే, అచ్చులు కార్ఖానా మూసిన నాడే పాత ఇనుములోకి పోయాయి. "చేయించినా పాతవాటి మధ్య పెట్టుడుపళ్ళలా ఉంటాయి" అన్నాడు మేస్త్రి. కోసి సర్దుదామన్నా కుదరదు. అంత పాత బిళ్ళ మీద రంపం పెడితే పిండిపిండి అవుతుంది.

అప్పుడు వచ్చాడు లెక్కల మాస్టారు. నన్ను మూడుసార్లు తప్పించింది ఈయనే. గోదాము వెనక వీధిలో ఉంటాడు, గ్రంథాలయం ఎప్పుడు తెరుస్తారని రోజూ అడిగి పోతుంటాడు. సంగతి విని, నన్ను చూసి, "నువ్వు చెప్పు, ఇది దేనితో పోతుంది?" అన్నాడు.

"నన్ను చూడగానే అందరూ పోతారు మాస్టారూ. దీనికే ఎందుకో బుద్ధి పుట్టలేదు."

ఆయన నవ్వలేదు. పరీక్షల్లో కూడా అంతే. సిమెంటు సంచీ తిరగేసి, దాని మీద అంకెలు వేస్తూ మాట్లాడాడు.

"ఇన్ని వరసలు, వరసకు ఇన్ని అంటే రెండు సంఖ్యలు కావాలి. రెండూ వందో, అంతకన్నా ఎక్కువో అయితే హెచ్చవేస్తే పదివేలకు తగ్గదు. మనది పదివేల లోపు. అంటే రెండింట్లో ఒకటి వందలోపు ఉండి తీరాలి. వందలోపు ప్రధాన సంఖ్యలు ఇరవై ఐదు. మిగతావన్నీ వాటి పిల్లలే, వాటిని ముట్టుకోనక్కర్లేదు. ఇరవై ఐదు భాగహారాలు. అంతే."

మూడుతో ఒకటి మిగిలింది. ఏడుతో ఐదు. పదమూడుతో రెండు. యాభై తొమ్మిదితోనూ రెండే. ప్రతిసారీ ఇంజనీరు మెడ ముందుకు సాచేవాడు, ప్రతిసారీ ముడుచుకునేవాడు. అది తాబేలు మెడలా ఉందని నేను అనలేదు, అనుకున్నానంతే. చివరిగా తొంభై ఏడు. డెబ్బై తొమ్మిది మిగిలాయి.

మాస్టారు పెన్సిలు కింద పెట్టి లేచి నిలబడ్డాడు, ఇంటికి పెద్దమనిషెవరో వచ్చినట్టు.

"ఇది ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప ఎవరితోనూ పోదు. నాలుగంకెల ప్రధాన సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. దీని తర్వాతది కావాలంటే పదివేల ఏడు దాకా నడవాలి."

"అంటే?" అంది అమ్మమ్మ.

"అంటే దీన్ని గదిలా పేర్చలేరమ్మా. ఒకే ఒక్క వరసగా తప్ప."

మేస్త్రి వేళ్ళ మీద లెక్కేశాడు. బిళ్ళ పది సెంటీమీటర్లు. "ఒకే వరసంటే కిలోమీటరుకు మూడు గజాలు తక్కువ. గ్రంథాలయం ఎందుకక్కా, రోడ్డేసుకుందాం!"

"అంటే నా లెక్క తప్పు కాదు" అంది అమ్మమ్మ. ఆవిడకు ముందు అది తేలాలి.

"కాదమ్మా. సంఖ్యే అలాంటిది. ఎవరి మాటకూ లొంగదు."

"మా ఇంటి మనిషే" అన్నాను నేను. నెత్తిన మొట్టికాయ పడింది.

"ఉండండి ఉండండి, దీనికింకా ఏదో ఉంది. ఎక్కడో రాసుకున్నాను" అంటూ మాస్టారు ఇంటికి పరుగెత్తాడు. తొందరలో ఒక చెప్పు గోదాములోనే వదిలేశాడు.

ఇంజనీరు ఊపిరి పీల్చుకుని మెల్లగా అన్నాడు. "పెద్దమ్మా, మీరే గెలిచారు. కానీ ఇటుకల లారీ ఎల్లుండి మధ్యాహ్నం వస్తుంది. ఈలోగా గోడలకు ముగ్గు పోసేయాలి. ఎనభై తొమ్మిది వరసలు, వరసకు నూట పన్నెండు వేస్తాను. ఐదే మిగులుతాయి. ఐదంటే ఐదు!"

"ఏ ఐదు?"

"ఏవైనా ఐదు."

"అలా కాదు. ఏ ఐదో నువ్వే ఏరు."

అతను దగ్గరి దొంతర మీది నుంచి ఒకటి తీశాడు. వెనక్కి తిప్పాడు. వేలిముద్ర. దాన్ని పెట్టేసి ఇంకోటి తీశాడు. అందులో వేలు కాస్త పక్కకు జారింది, ఆ రోజు ఆవిడకు తొందరేదో ఉన్నట్టు. దాన్నీ పెట్టేశాడు.

"గోతిలో వేయనులే పెద్దమ్మా. మీరు ఇంటికి పట్టుకెళ్ళండి. గుర్తుగా ఉంటాయి."

"నేను చేసింది మనుషుల కాళ్ళ కింద ఉండటానికి నాయనా. అల్మరాలో కూర్చోడానికి కాదు. నువ్వు మాటిచ్చావు."

ఇచ్చాడు. అందుకే ఐదు బిళ్ళల మాట వదిలేశాడు. ఎల్లుండి మధ్యాహ్నం దాకా గడువు మాత్రం ఇచ్చాడు.

మర్నాడు పొద్దున అమ్మమ్మ పళ్ళు తోముకుంటూ, నోటినిండా నురగతో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. ఉమ్మేసి మళ్ళీ అంది.

"ఒక్క గదే ఎందుకు? మనింట్లోనే మూడున్నాయి."

మొహం తుడుచుకోకుండానే బయల్దేరింది. నేను దుకాణానికి సెలవు పెట్టి వెనకే పరుగెత్తాను. ఇలాంటి తమాషా కాజాల్లో దొరకదు.

"రెండు గదులా?" ఇంజనీరు కళ్ళు మెరిశాయి. "అయితే తేలికే! ఒకటి తొంభైకి వంద. మిగిలినవి తొమ్మిది వందల డెబ్బై మూడు. అవి ఏడు వరసలు, వరసకు నూట ముప్పై తొమ్మిది."

"ఏడు బిళ్ళల వెడల్పా?" మేస్త్రి చేతులు చాచి చూపించాడు. "అందులో పుస్తకం చదవాలంటే పాములకే కుదురుతుంది."

"రెండూ చదరాలు కావాలి" అంది అమ్మమ్మ. "ఎటు చూసినా సమానంగా. బిళ్ళ మీద గీత చూడు. గది చదరమైతేనే అది ఈ మూలలో బయల్దేరి సరిగ్గా ఎదుటి మూలకు చేరుతుంది. పొడుగు గదిలో గోడ మధ్యలో గుద్దుకుని ఆగిపోతుంది. పోస్టాఫీసులో అలాగే ఆగింది. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది."

రెండు చదరాలు, ఒక్కటీ మిగలకుండా. అలాంటివి ఉన్నాయో లేవో మాలో ఎవరికీ తెలియదు. ఇంజనీరు తల గోక్కున్నాడు. అమ్మమ్మ బొగ్గుముక్క అందుకుని గోడ దగ్గరికి నడిచింది.

ఆవిడకు పెద్ద హెచ్చవేతలు రావు. బిళ్ళల వాళ్ళ పద్ధతి వచ్చు. పట్టినంతలో పెద్ద చదరం తొంభై తొమ్మిది వరసలు, వరసకు తొంభై తొమ్మిది. దానికి తొమ్మిది వేల ఎనిమిది వందల ఒకటి పోతే నూట డెబ్బై రెండు మిగులుతాయి. వాటితో రెండో చదరం రావాలి. రాకపోతే పెద్ద చదరం పక్కనుంచి ఒక వరస, కిందనుంచి ఒక వరస తీసేయాలి. నూట తొంభై ఏడు బిళ్ళలు చేతికొస్తాయి, అవి మిగిలినవాటితో కలపాలి. తర్వాతి అంచుకు రెండు తక్కువ, నూట తొంభై ఐదు. ఆ తర్వాత నూట తొంభై మూడు. ఒట్టి కూడికలే. ఆవిడ కూడి చెబుతుంది, ఇంజనీరు ఫోనులో నొక్కి చదరమో కాదో చెబుతాడు.

"నూట డెబ్బై రెండు."

"పదమూడు పదమూళ్ళు నూట అరవై తొమ్మిది. మూడు ఎక్కువ. కాదు."

"అంచు తియ్యి. మూడు వందల అరవై తొమ్మిది."

"కాదు."

"ఐదు వందల అరవై నాలుగు."

"కాదు."

ఇలా పన్నెండుసార్లు. గోడంతా నల్లబడింది. అమ్మమ్మ ముక్కు కూడా. పదమూడోసారి రెండు వేల నాలుగు వందల నాలుగు వచ్చింది. నలభై తొమ్మిది చదరానికి మళ్ళీ మూడే ఎక్కువ. "మూడు నా జేబులో వేసుకుపోతాను, ఎవరికీ చెప్పను" అన్నాడు మేస్త్రి. అమ్మమ్మ ఒక్క చూపు చూసింది. జేబు మూసుకున్నాడు.

పదహారోసారి. పెద్ద చదరం ఎనభై నాలుగు, మిగిలినవి రెండు వేల తొమ్మిది వందల పదిహేడు. ఇంజనీరు నొక్కి, ఎగిరి గంతేశాడు.

"యాభై నాలుగు! యాభై నాలుగు యాభై నాలుగులు రెండు వేల తొమ్మిది వందల పదహారు! ఒక్కటి పెద్దమ్మా! ఒక్కటంటే ఒక్కటే మిగులుతుంది!"

మేస్త్రి చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. నిజం చెప్పాలంటే నాకు అక్కడితో చాలనిపించింది. దాదాపు పదివేలలో ఒక్కటి! అమ్మమ్మ పక్కనున్న దొంతర మీద చెయ్యి వేసి నిలబడింది. బొగ్గును అటూ ఇటూ దొర్లించింది. ఒప్పేసుకుంటుందనుకున్నాను.

"ఆ ఒక్కటి ఏదో నువ్వు చెప్పగలవా?" అని నన్నడిగింది.

నేను తల అడ్డంగా ఊపాను.

"అంచు తియ్యి."

మూడు వేల ఎనభై నాలుగు. యాభై తొమ్మిది ఎక్కువ. ఇంజనీరు సిమెంటు సంచుల మీద కూలబడ్డాడు. "చేతికందిన దాన్ని వదిలేశాం" అని గొణిగాడు. అమ్మమ్మ విననట్టే నూట అరవై ఐదు కలిపింది.

"మూడు వేల రెండు వందల నలభై తొమ్మిది."

ఇంజనీరు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"కాదా?"

అతను లేచి వచ్చి ఫోను ఆవిడ మొహం ముందు పెట్టాడు. ఆవిడకు కళ్ళజోడు లేనిదే కనిపించదని అతనికి తెలియదు. నేనే చదివాను.

"యాభై ఏడు."

"మిగిలినవి?"

"ఏమీ లేవు అమ్మమ్మా. ఒక్కటి కూడా లేదు!"

ఎనభై రెండు చదరం ఒకటి, యాభై ఏడు చదరం ఒకటి. మేస్త్రి తన రసమట్టాన్ని గాల్లోకి విసిరి పట్టుకున్నాడు. ఇంజనీరు టేపు తీసి గోదాము కొలిచాడు. పక్కపక్కన రెండు గదులూ పడతాయి, మధ్య గోడకూ చోటుంది. పెద్దది పెద్దవాళ్ళకు, చిన్నది పిల్లలకు అని అక్కడికక్కడే ముగ్గు పోసేశాడు. అప్పుడు ఒక కాలికి చెప్పుతో, చేతిలో పాత నోటుపుస్తకంతో మాస్టారు రొప్పుతూ వచ్చాడు.

"దొరికింది! నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, రెండు చదరాలుగా విడిపోయి తీరుతుంది! మనదానికి ఒకటే మిగులుతుంది! ఉన్నాయమ్మా, మీ రెండు చదరాలూ ఎక్కడో తప్పకుండా ఉన్నాయి!"

"ఎక్కడో ఏమిటి మాస్టారూ, మీరు వాటి మీదే నిలబడ్డారు" అంది అమ్మమ్మ.

ఆయన కాళ్ళ కింద ముగ్గు గీత చూసుకుని ఒక్క ఉదుటున పక్కకు గెంతాడు. గోడ మీద బొగ్గు లెక్కంతా మొదట్నుంచి చదివాడు. తర్వాత నా జీవితంలో మొదటిసారి ఆయన నవ్వడం చూశాను.

"ఇంకో సంగతమ్మా. అలా విడిపోయేది ఒకే ఒక్క విధంగా. ఇంకే రెండు చదరాలూ దీనికి కుదరవు. మీరు పట్టుకున్నది ఆ ఒక్కదాన్నే."

అమ్మమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని మసిని చెంపలకు కూడా పులుముకుంది. "ముందే చెప్పుంటే నా బొగ్గు మిగిలేది కదా" అంది గానీ, దారంతా నాతో ఆ మాటే చెప్పుకుంటూ వచ్చింది. ఒకే ఒక్క విధంగానట. ఒకే ఒక్క విధంగానట!

గోడలు లేచాక పరచడానికి పన్నెండు రోజులు పట్టింది. మేస్త్రి పరిచాడు, అమ్మమ్మ అందించింది, ఇంజనీరు రోజుకు నాలుగుసార్లు వచ్చి తగ్గుతున్న దొంతరలను చూసిపోయాడు. అతనికి లోపల ఇంకా భయమే. ఆఖరి రోజు పిల్లల గదిలో, గుమ్మం పక్క మూలలో ఒక్క బిళ్ళ జాగా ఉంది. అమ్మమ్మ చేతిలో ఒక్క బిళ్ళ ఉంది. మేస్త్రి దాన్ని దించి, పిడికిలితో రెండుసార్లు మెత్తగా గుద్ది, అలవాటుగా తర్వాతి దానికోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అయిపోయాయా అక్కా?"

"అయిపోయాయి."

ఇంజనీరు పరంజా చెక్కలు ఎత్తి కింద చూశాడు. ఖాళీ గోనెలు దులిపాడు. మేస్త్రిని కూడా ఒకసారి పక్కకు జరిపి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. అప్పుడు టోపీ తీసి హాయిగా నవ్వాడు.

అమ్మమ్మ చెప్పులు విప్పి, నాలుగు రోజుల కిందట పరచడం ముగిసిన పెద్ద గది మధ్యకు నడిచి, అక్కడ వెల్లకిలా పడుకుంది. చేతులు రెండూ బారచాపింది.

"అక్కా, ఇంకా ఆరలేదు! లే! బిళ్ళలు కుంగుతాయి!" మేస్త్రి గుమ్మంలోంచి లబోదిబోమన్నాడు.

"నా బరువు వాటికి కొత్తేం కాదులే" అంది అమ్మమ్మ, కళ్ళు మూసుకుని.